గాలిలో నిలబడ్డ కొబ్బరినీళ్ళ చుక్క

మా కోనసీమలో ఎవరింటికైనా వెళ్ళి చూడండి. మీరు చెప్పులు విడిచేలోపే ఎవరో ఒకరు గోడ దగ్గరికి పరుగెత్తి ఫ్యాను వేస్తారు. మంచినీళ్ళు తర్వాత, కుశలప్రశ్నలు ఆ తర్వాత. మీరు చలికి వణుకుతూ మఫ్లరు చుట్టుకుని వెళ్ళినా సరే, ఫ్యాను తిరగాల్సిందే. వద్దంటే మొహమాటపడుతున్నారనుకుని ఇంకాస్త పెంచుతారు. ఈ మర్యాద మా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, దాని వల్ల ఒకసారి మా కాలేజీలో ఫిజిక్స్ సెక్షనే ఎగిరిపోబోయింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఏదైనా చెప్పండి మాస్టారూ అంటుంటారు. వాళ్ళ మనసులో ఉండేది ఏదో ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం, మెడలో దండ, పేపర్లో ఫోటో. అలాంటివేవీ నా దగ్గర లేవు. నా దగ్గర ఉన్నదల్లా ఇదొక్కటే. కాబట్టి పిల్లలూ, కాస్త ఓపిక పట్టండి.

నేను చివరి పదేళ్ళూ పనిచేసింది అమలాపురానికి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో. పేరు చెప్పను. ఈ కథలో ఉన్నవాళ్ళందరూ క్షేమంగా ఉన్నారు, రేపు ఏ పెళ్ళిలోనో పక్క పక్క విస్తళ్ళ ముందు కూర్చోవాల్సినవాళ్ళం. ఫిజిక్స్ సెక్షన్‌కి నేను హెడ్‌ని. హెడ్డంటే నా వెనక పెద్ద పటాలం ఉందనుకునేరు. నేనూ, కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అమ్మాయీ, ల్యాబు చూసుకునే అటెండరూ. అంతే సైన్యం. చదివే పిల్లలు కూడా ఏటికేడాది తగ్గిపోతున్నారు. అడ్మిషన్ల రోజుల్లో తండ్రులు వచ్చి, "ఫిజిక్స్ చదివితే ఏమవుతాడండీ?" అని అడిగేవారు. నన్ను చూపించి "ఇలా అవుతాడు" అనేవారు ప్రిన్సిపాల్‌గారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అనేవారు గానీ, తండ్రులు నన్ను ఎగాదిగా చూసి కంప్యూటర్ సెక్షన్ ఎటువైపని అడిగేవారు.

ఆ కాంట్రాక్టు అమ్మాయిది రాజోలు వైపు. తాతగారు పొలం పనులకి వెళ్ళి కొడుకుని మాస్టార్ని చేశారు, ఆ మాస్టారు కూతుర్ని ఎమ్మెస్సీ చదివించి కన్నుమూశారు. తల్లీ, తనూ. ఇంటికి ఈ పిల్ల జీతమే ఆధారం. మా దగ్గరికి రాకముందు హైదరాబాదులో ఒక కోచింగ్ కాలేజీలో రెట్టింపు జీతానికి పనిచేసింది. అది వదిలి ఎందుకొచ్చావమ్మా అని అడిగితే, "అక్కడ ల్యాబుకి తాళం తియ్యరండీ మాస్టారూ. బిట్లు చెప్పడమే. నేను లెక్చరర్నో, టేపురికార్డర్నో నాకే తెలిసేది కాదండీ" అంది. ఆదివారాలు చర్చి క్వయర్లో పాడుతుంది. మాట మెత్తన, నడక మెత్తన. ఎవరు ఏ పని చెప్పినా "ఆయ్ అండీ" అంటుంది. పరీక్షల డ్యూటీ, క్రీడల డ్యూటీ, ఆఖరికి ప్రిన్సిపాల్‌గారి మనవరాలికి లెక్కలు చెప్పే డ్యూటీ కూడా ఆ "ఆయ్" మీదే నడిచిపోయేది.

అలాంటి పిల్ల ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "మాస్టారూ, శబ్దంతో వస్తువుల్ని గాలిలోకి ఎత్తే యంత్రం చేద్దామనుకుంటున్నానండీ" అంది.

నేను భోజనం చేసి వచ్చి ఉన్నాను. మా ఇల్లు కాలేజీకి నాలుగడుగుల దూరం. మధ్యాహ్నం ఇంటికెళ్ళి వేడన్నం తిని, ఒక చిన్న కునుకు తీసి తిరిగి రావడం నా సర్వీసులో నేను సాధించిన గొప్ప విజయం. ఆ మత్తులో, "మా ఆవిడ పిలిస్తే వీధి చివర కుక్కలు కూడా లేచి నిలబడతాయమ్మా, అలాంటిదేనా?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది గానీ వెనక్కి తగ్గలేదు. ఎమ్మెస్సీలో తన ప్రాజెక్టు అదేనట. అప్పుడు పరికరాలకి డబ్బు లేక కాగితం మీదే ముగించేసిందట.

సంగతేమిటో మీకు క్లుప్తంగా చెప్తాను, భయపడకండి, పరీక్ష పెట్టను. కార్లు వెనక్కి తీసేటప్పుడు కుయ్ కుయ్ మని హెచ్చరించేందుకు బంపరుకి చిన్న బొత్తాల్లాంటివి ఉంటాయి కదా, అవి మన చెవికి అందని శబ్దం పుట్టిస్తాయి. అలాంటివాటిని రెండు గిన్నెల నిండా అమర్చి, ఒక గిన్నెని కిందా, ఇంకోదాన్ని దానికెదురుగా పైనా పెట్టి, మధ్యలో జానెడు ఖాళీ వదలాలి. పైనుంచి వచ్చే అలలూ కిందనుంచి వచ్చే అలలూ ఎదురెదురుగా తగులుకుంటాయి. అప్పుడు కొన్ని చోట్ల శబ్దం తోపులాటంతా చెల్లుకుపోయి నిమ్మళంగా ఉంటుంది. ఆ నిమ్మళమైన చోట ఒక థర్మాకోల్ పూస పెడితే, చుట్టూ ఉన్న గాలి అన్నివైపుల నుంచీ తోస్తూ దాన్ని అక్కడే నిలబెడుతుంది. రావులపాలెం జంక్షన్లో నాలుగు దిక్కుల నుంచీ లారీలు వచ్చి బిగుసుకుపోయినప్పుడు, మధ్యలో ఎటూ పోలేక నిలబడ్డ కానిస్టేబులు ఉంటాడు చూడండి, ఆ పూస పరిస్థితి అది. ఒక గిన్నె అలల్ని రవంత ముందుకు జరిపితే ఆ నిమ్మళమైన చోటు కూడా జరుగుతుంది, పూస దాని వెంట పైకో కిందికో పోతుంది. చెయ్యి తగలకుండా, పట్టకారు తగలకుండా చిన్న చిన్న వస్తువుల్ని కావలసిన చోటికి తీసుకెళ్ళొచ్చు. పెద్ద పెద్ద ల్యాబుల్లో మందు చుక్కల్నీ, రక్తంలోని కణాల్నీ కూడా ఇలా కదుపుతున్నారని ఆ అమ్మాయి చెప్పింది.

గిన్నెలు ఎక్కడ దొరుకుతాయన్నది మొదటి సమస్య. కోనసీమలో ఏ సమస్యకైనా మొదటి పరిష్కారం కొబ్బరికాయే. అంబాజీపేట నుంచి సంచీడు కాయలు తెప్పించి, పగలగొట్టి, చిప్పలు నున్నగా గీయించాను. ఆ వారం మా ఇంట్లో కొబ్బరి పచ్చడి, కొబ్బరి కూర, కొబ్బరన్నం. చిప్పల్లో ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి కోలగా, ఇంకోటి వంకరగా. అలలు ఒకచోట కలవాలంటే రెండు గిన్నెలూ కచ్చితంగా ఒకే వంపులో ఉండాలి. "దేవుడు కొబ్బరికాయని ఈ పనికి చెయ్యలేదండీ" అంది ఆ అమ్మాయి, నా మనసు నొప్పించకుండా. ఆఖరికి ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే నా పాత శిష్యుడు ప్లాస్టిక్‌తో అచ్చుపోసి ఇచ్చాడు. అన్నిటికీ తీగలు అతికించి, ఏది తిరగబడిందో ఒక్కొక్కటీ పరీక్ష చేసి సరిచేసేసరికి ఆ పిల్ల తల ప్రాణం తోకకి వచ్చింది.

మొదటిసారి పూస నిలబడిన రోజు నాకు బాగా గుర్తు. ఆవగింజ కన్నా కాస్త పెద్ద తెల్లటి పూస. కింద ఏమీ లేదు, పైన ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు అలల గురించి బోర్డు మీద గీతలు గీశాను. ఆ గీతలు నిజమేనని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండగా మా అటెండరు లోపలికి వచ్చాడు. నా నుదుటి మీద చెమట చూశాడు. అతని చెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. ఫ్యాను గిర్రున తిరిగింది, పూస ఎగిరి బీరువా వెనక పడింది.

"అయ్యో, ఫ్యాను వెయ్యకూడదండీ!" అంది ఆ అమ్మాయి.

"మాస్టారు చెమటలు కక్కుతుంటే చూస్తా ఎలా ఊరుకుంటానండీ?" అన్నాడతను, నిజంగా బాధపడుతూ.

ఎన్నిసార్లు చెప్పినా అతని చెయ్యి వినలేదు. గాలి ఏ కాస్త కదిలినా పూస నిలబడదు. చివరికి ఆ అమ్మాయి స్విచ్ మీద ఆసుపత్రి ప్లాస్టరు అడ్డంగా నిలువుగా అంటించేసింది. మా ల్యాబు కొబ్బరి ఆరబెట్టే బట్టీలాగా ఉండేది. ఆ బట్టీలో కూర్చుని ఆ పిల్ల రోజూ సాయంత్రం సాధన చేసేది.

ఇంతలో కబురు వచ్చింది. పిల్లలు పలచబడిన సెక్షన్లని చూడటానికి ఒక కమిటీ వస్తోంది. ఉంచాలో, వేరే సెక్షన్లో కలపాలో, మూసెయ్యాలో వాళ్ళు తేలుస్తారు. మూసేస్తే నాకొచ్చే నష్టం లేదు. పర్మనెంటు వాణ్ణి, ఎక్కడో ఒకచోట సర్దుతారు. కాంట్రాక్టు మనిషిని సర్దరు, ఇంటికి పంపుతారు. అది ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. పైకి అనుకోలేదు. "ఇది పోతే మళ్ళీ హైదరాబాదేనండీ" అని ఒక్కసారి మాత్రం అంది, తీగ అతికిస్తూ, తల ఎత్తకుండా. అమ్మని ఎవరు చూసుకుంటారని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇక మా ప్రిన్సిపాల్‌గారి గురించి. ఆయన నమ్మిన సిద్ధాంతం ఒక్కటే. కమిటీ ఏదైనా కడుపు మీద నడుస్తుంది. సెక్షన్ రికార్డులు అడిగితే "ఉంటాయి లెండి" అనేవారు గానీ, ఫలహారాల విషయంలో మాత్రం స్వయంగా దిగారు. పెసరట్టు ఉప్మా, పూతరేకులు, మధ్యాహ్నానికి పనసపొట్టు కూర, పులిహోర, చేపల పులుసు, చేప తిననివారికి గుత్తొంకాయ. కమిటీ ఛైర్మన్‌గారు పెద్ద మనిషి, కెమిస్ట్రీ ప్రొఫెసరుగా చేసి వచ్చినవారు, కోనసీమకి దూరంగా ఎండు నేలవైపు వారు. భారీ విగ్రహం. మాట సూటిగా ఉంటుంది.

పొద్దున్నే ఫలహారాల దగ్గర ఆయన సూటిగానే అడిగారు. "ఫిజిక్స్‌కి పిల్లలు లేనట్టున్నారు. కంప్యూటర్స్‌లో కలిపేస్తే సరిపోతుంది కదా?"

ప్రిన్సిపాల్‌గారు అప్పుడు ఆయన ప్లేట్లో పూతరేకు వడ్డిస్తున్నారు. అన్నం పెట్టే చేత్తో కాదనడం మా వైపు పుట్టినవాడికి సాధ్యమా? "ఆయ్, సరిపోద్దండీ. ఇంకోటి వేసుకోండి" అన్నారు.

ఛైర్మన్‌గారు నా వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నారు. నేను చట్నీ గిన్నె పట్టుకుని ఉన్నాను. "ఆయ్, తమరెలాగంటే అలాగేనండీ" అన్నాను. మొహమాటం గురించి మనకో సామెత ఉంది. ఆడపిల్లలు కూడా చదువుతారు కాబట్టి రాయడం లేదు, మీ తాతయ్యల్ని అడగండి. మూల నిలబడి మంచినీళ్ళు అందిస్తున్న ఆ అమ్మాయి ఇదంతా విన్నది. గ్లాసులు పెట్టేసి నిశ్శబ్దంగా ల్యాబు వైపు వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక కమిటీని ల్యాబుకి తీసుకొచ్చాం. వాన పడి వెలిసిన మధ్యాహ్నం. మా వైపు ఆ ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా తెలియదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఛైర్మన్‌గారు గుమ్మంలో అడుగుపెడుతూనే జేబురుమాలు తీశారు. బల్ల మీద యంత్రం, దాని మధ్యలో వరసగా మూడు తెల్లటి పూసలు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. ఆయన ఇంకా అటు చూడనేలేదు.

ప్రిన్సిపాల్‌గారు స్విచ్ మీద ప్లాస్టరు చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. "ఏమిటిది! పెద్దలొస్తే ఫ్యాను కూడా వెయ్యకుండా!" అంటూ గోళ్ళతో ప్లాస్టరు పీకేసి, ఒక్కసారిగా పూర్తి వేగంలో పెట్టారు. మూడు పూసలూ మాయం. ఒకటి పోయి ఛైర్మన్‌గారి మీసం మీద వాలింది. కమిటీలో మిగిలిన ఇద్దరూ దాన్ని చూశారు, నేనూ చూశాను, ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

"చూపించమ్మా, ఏదో చేశావట కదా" అన్నారు ఛైర్మన్‌గారు ఫ్యాను కింద కుర్చీ లాక్కుంటూ. ఖాళీ గిన్నెల వైపు చూసి, "ఇందులో ఏముంది?" అన్నారు.

ఆ అమ్మాయి ముఖం వైపు నేను చూడలేకపోయాను. ఇక ఏడుస్తుంది, లేదా "ఆయ్ అండీ, ఏమీ లేదండీ" అంటుంది అనుకున్నాను. మెత్తగా నడిచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఫ్యాను కట్టేసింది.

"ఫ్యాను వెయ్యడానికి వీల్లేదండీ" అంది.

గదిలో పిడుగు పడ్డట్టయింది. మా వైపు అతిథికి అన్నం పెట్టకపోయినా క్షమిస్తారేమో గానీ, తిరుగుతున్న ఫ్యానుని కట్టెయ్యడం! ప్రిన్సిపాల్‌గారు "అమ్మా, అమ్మా!" అంటున్నారు. అటెండరు కళ్ళు మూసుకున్నాడు.

"తలుపు కూడా వేసెయ్యండి. ఎవరూ నడవకండి, మాట్లాడకండి. గాలి కదిలితే ఇది నిలబడదండీ" అంది. ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగి, "మీరు కూడానండీ" అంది.

మళ్ళీ ఒక పూస పెట్టింది. నిలబడింది. ఛైర్మన్‌గారు కాసేపు చూసి, చెమట తుడుచుకుని, "థర్మాకోలు. ఊదితే పోయేది. ఇందులో గొప్పేముంది?" అన్నారు. తుడుచుకోవడంలో మీసం మీద పూస కూడా పోయింది, మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. "బరువున్నది ఏదైనా నిలబెట్టు. నీళ్ళు నిలబెట్టగలవా?"

"ప్రయత్నిస్తానండీ" అంది. నీళ్ళ కోసం చుట్టూ చూసింది. ల్యాబు కుళాయి ఆ రోజు కూడా, ఎప్పటిలాగే, పొడిగా ఉంది. ఉన్నదల్లా ఛైర్మన్‌గారి చేతిలోని కొబ్బరి బొండాం. భోజనమైన పది నిమిషాలకే ప్రిన్సిపాల్‌గారు కొట్టించి ఇచ్చినది. ఆ పిల్ల ఒక సిరంజి తీసుకుని ఆయన ముందుకొచ్చి, "కాస్త ఇలా ఇవ్వండి" అంది. ఆయన ఏమనుకున్నారో గానీ బొండాం ముందుకు పెట్టారు. అతిథికి ఇచ్చిన బొండాంలోంచి తిరిగి తీసుకున్న మనిషి మా ప్రాంత చరిత్రలో ఇంకొకరు ఉండరు.

మొదటి చుక్క జారి కింది గిన్నెలో పడింది. రెండోది చిట్లిపోయింది. తుడిచి, యంత్రం జోరు కాస్త సవరించి, సూది మొనని ఆ నిమ్మళమైన చోటికి తీసుకెళ్ళి, ఊపిరి బిగబట్టి మెల్లిగా వదిలింది. మూడో చుక్క అక్కడే ఉండిపోయింది. కొద్దిగా అణిగి, చిన్న మినపగింజలా, సన్నగా వణుకుతూ నిలబడింది. దానిలో కిటికీ అద్దం వెలుతురు కనిపించింది. అంతమంది ఉన్న గదిలో ఎవరి ఊపిరీ వినపడలేదు.

ఛైర్మన్‌గారు కుర్చీలోంచి లేచి వచ్చారు. మోకాళ్ళు వంచి, ముఖం దానికి దగ్గరగా పెట్టారు. చెమట ఆయన చెంపల మీదుగా కారి చొక్కాలోకి పోతోంది, తుడుచుకోవడం లేదు.

"పాత్ర లేదు" అన్నారు గుసగుసగా.

"లేదండీ. మీరు ఊపిరి పక్కకి వదలాలండీ" అంది ఆ అమ్మాయి.

ఆయన బుద్ధిగా ముఖం పక్కకి తిప్పి ఊపిరి వదిలి, మళ్ళీ ఇటు తిప్పారు. "నేను జీవితమంతా బీకర్లు కడిగాను. ఎంత కడిగినా గాజు గోడ ఏదో ఒకటి కలిపేది ద్రావణంలో. గోడే లేకపోతే ఎలా ఉంటుందోనని..." అని ఆగిపోయారు. తర్వాత చిన్నపిల్లాడిలా, "కదులుతుందా?" అని అడిగారు. ఆ అమ్మాయి మీట తిప్పితే చుక్క మెల్లిగా కిందికి దిగింది, మళ్ళీ పైకెక్కింది. "నేను తిప్పొచ్చా?" అన్నారు. "మెల్లిగానండీ" అంది. ఆయన తిప్పారు. చుక్క ఆయన మాట విన్నది. చుక్క ఆవిరై ఆవిరై చిన్నదైపోయేదాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు. మేమంతా ఆ బట్టీలో ఉడికిపోతూ నిలబడ్డాం.

బయటికి వచ్చాక ప్రిన్సిపాల్‌గారు చేతులు జోడించారు. "క్షమించాలండి, చిన్నపిల్ల, తెలీక ఫ్యాను..." అన్నారు.

"పొద్దుటినుంచి మీరందరూ నాకు ప్రతిదానికీ అవునన్నారు. మీ సెక్షన్ని వేరేదాంట్లో కలిపేస్తానన్నా అవునన్నారు. వీల్లేదు అన్నది ఆ అమ్మాయి ఒక్కతే. అక్కడ పని జరుగుతోందని నాకు అప్పుడే అర్థమైంది" అన్నారు ఛైర్మన్‌గారు.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండేది. పిల్లలకి నీతి కూడా సరిపోయేది. కానీ సర్కారు కమిటీలు కథలు ముగించడానికి రావు కదా. ప్రిన్సిపాల్‌గారి గదిలో అందరం కూర్చున్నాక, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ చల్లగా చెప్పారు. "సెక్షన్ ఉంచమని రాస్తాను. ఈ యంత్రాన్ని హైస్కూళ్ళకి తీసుకెళ్ళి చూపించండి, పిల్లలు వస్తారు. అయితే ఉన్న పిల్లలకి ఇద్దరు మనుషులు ఎక్కువ. ఒక్కరికే పని ఉంది." నా వైపు చూశారు. "మీరు పర్మనెంటు. మీరు ఉంటారు."

"ఆయ్" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, నేల చూపులు చూస్తూ.

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి చేతిలో ఇంకా ఆ సిరంజి ఉంది. అందరం అటు చూశాం. ఒక నీటి చుక్క కోసం అంతమంది పెద్దల్ని ఊపిరి కూడా తీసుకోవద్దన్న పిల్ల, ఇప్పుడు తన అన్నం మాట వచ్చేసరికి తల వంచుకుంది. "ఆయ్ అండీ" అంది మెల్లిగా.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ "ఆయ్" మీదే వచ్చి ఉంటుంది, పుట్టినప్పటి నుంచీ నా నోట్లోనూ ఉన్నదే అది.

"కాదండీ" అని ఎవరో అన్నారు. ఎవరా అని అటూ ఇటూ చూశాను. నేనే.

"ఏం కాదు?" అన్నారు ఛైర్మన్‌గారు.

"ఆ యంత్రం నడపడం నాకు రాదండీ. నేను పెట్టిన పూస ఒక్కటీ నిలబడలేదు. నన్నుంచితే మీరు సెక్షన్ ఉంచినట్టు కాదు, బల్ల ఉంచినట్టు. నన్ను ఎక్కడికైనా మార్చొచ్చు, పర్మనెంటు వాణ్ణి కదా. ఆ అమ్మాయిని మార్చడానికి ఉండదండీ, పంపించెయ్యడమే. నన్ను మార్చండి."

"మాస్టారూ, మీ మోకాళ్ళ నొప్పులతో రోజూ బస్సులా!" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. నా మధ్యాహ్నపు కునుకు సంగతి ఆయన పైకి అనలేదు గానీ, అది కూడా ఆయన కళ్ళలో కనిపించింది.

"తొందరేం లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నారు ఛైర్మన్‌గారు.

"ఆలోచిస్తే మళ్ళీ మొహమాటం వచ్చేస్తుందండీ. ఇప్పుడే రాసేసుకోండి" అన్నాను.

ఆయన పెన్ను మూత తీశారు. ఆ అమ్మాయి అక్కడ లేదు. వరండా చివర కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నట్టు వంగి ఉంది. ఆ కుళాయిలోనూ నీళ్ళు రావని తనకీ తెలుసు.

ఉత్తర్వు వచ్చింది. గోదావరి అవతల ఒక కాలేజీ. పొద్దున్నే బయల్దేరి రావులపాలెంలో బస్సు మారి, అరటి గెలల లారీల వెనక పాకుతూ వెళ్ళాలి. మిగిలిన సర్వీసంతా అలాగే గడిచింది. మొదటిరోజు పొద్దున్న మా ఆవిడకి అసలు సంగతి చెప్తే, క్యారేజీ సర్దుతూ, "అంతమంది ముందు మీరు కాదన్నారంటే నమ్మమంటారా? ముప్పై ఏళ్ళ నుంచి నా వంట బాలేదని కూడా అనలేకపోయేరు" అంది. ఆ రోజు పులుసులో ఉప్పు ఎక్కువైంది. మొత్తం తినేశాను. ధైర్యం ఒక్కరోజులో మొత్తం వచ్చెయ్యదు.

ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గరే ఉన్నాను. మొన్నీమధ్య పెన్షన్ కాగితం మీద సంతకం కోసం పాత కాలేజీకి వెళ్ళాల్సి వచ్చింది. పని అయ్యాక ల్యాబు వైపు నడిచాను. ఆ అమ్మాయి ఇంకా కాంట్రాక్టే, ప్రభుత్వం దయ. సెక్షన్ మాత్రం తనదే. తలుపు వేసి ఉంది. కిటికీ అద్దంలోంచి చూశాను. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ వచ్చిన పిల్లలు యంత్రం చుట్టూ వంగి, నోళ్ళు మూసుకుని, ఒకే చోటికి చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నది నా కళ్ళకి ఆనలేదు.

అలవాటు కొద్దీ తలుపు తోయబోయాను. ఆ అమ్మాయి తలెత్తి చూసింది, నన్ను గుర్తుపట్టింది. ముఖమంతా వెలిగింది. వెంటనే అరచెయ్యి ఎత్తి, ఆగమని సైగ చేసి, మళ్ళీ చుక్క వైపు తిరిగిపోయింది.

వరండాలోకి ఎండ పడుతోంది. నేను తలుపు మీద నుంచి చెయ్యి తీసేసి అక్కడే నిలబడ్డాను. ఎవరైనా వచ్చి లోపలికి పదండి మాస్టారూ అని ఉంటే, ఇంకోసారి కాదనేవాణ్ణి.